నీళ్ళకు తీరిక దొరికితే...

సైన్సు మేష్టారి మాటకు ఇంట్లో ఎంత విలువ ఉంటుందో, ఆ విలువ ఎంత ప్రమాదకరమైనదో నాకు 1986 మే నెలలో, తిరుమల కొండ సగం ఎక్కాక తెలిసింది.

మా పిన్ని కొడుకు ఒంగోలులో టాక్సీ నడిపేవాడు. కారు పాతది. ఏ కంపెనీదో చెప్పను. తప్పు కారుది కాదు గనుక దాని పేరు బజారున పెట్టడం న్యాయం కాదు. బ్యాంకులో అప్పు చేసి కొన్నాడు. హామీ సంతకం నాదే. నెలనెలా వాయిదా కట్టగా మిగిలినదానితో వాడూ, మరదలూ, ఇద్దరు పిల్లలూ బతకాలి.

ఆ వేసవిలో కారుకు జబ్బు చేసింది. పది మైళ్ళు పోయేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత దగ్గరికి పాకేది. వాడు తెలిసిన షెడ్డుకు తీసుకుపోతే, అక్కడి మేస్త్రీ ఇంజను మీది మూత విప్పి, లోపలున్న థర్మోస్టాటు పీకి అవతల పారేశాడట. "ఇది చలిదేశాల వాళ్ళకండీ, మన ఎండలకు ఇదెందుకు?" అన్నాడట. ఆ మాట మనదేశంలో చాలా షెడ్లలో వినిపించేదే. అయినా వేడి తగ్గలేదు సరిగదా, పెరిగింది. అప్పుడు మేస్త్రీ రెండో సూత్రం చెప్పాడు: అడ్డు తీసేయడంతో నీళ్ళు మరీ జోరుగా తిరుగుతున్నాయి, రేడియేటరులో చల్లబడే తీరిక వాటికి లేదు, కనుక దారిలో ఒక రేకు బిళ్ళ పెట్టి, దానికి చిన్న బెజ్జం చేసి, నీళ్ళను నెమ్మదింపజేయాలి.

తమ్ముడు సందేహంతో నా దగ్గరికి వచ్చాడు. "అన్నయ్యా, నువ్వు సైన్సు మేష్టారివి గదా. ఇది నిజమేనా?"

నేను పడకకుర్చీలో ఉన్నాను. లేవకుండానే ఆలోచించాను. "నిజమేరా. సంతలో పరుగెత్తేవాడికి బేరమాడే తీరిక ఎక్కడుంటుంది? నీళ్ళూ అంతే. నెమ్మదిగా పోతేనే వేడి వదులుకుంటాయి" అన్నాను. ఉపమానం కుదిరిందని లోపల సంతోషించాను కూడా.

బిళ్ళ పెట్టారు. ఇంజను అరగంట తిరిగాక నేనే స్వయంగా రేడియేటరు కింది రబ్బరు గొట్టం ముట్టుకు చూశాను. హాయిగా, గోరువెచ్చగా ఉంది! "చూశావా!" అన్నాను. మా ఆవిడ కూడా నావైపు కొంచెం గౌరవంగా చూసినట్టు గుర్తు.

పై వారమే మా అక్కయ్య మనవడి పుట్టువెంట్రుకల మొక్కు. అక్కయ్య, బావగారు, మేనకోడలు, ఏడాది పిల్లవాడు, నేను, మా ఆవిడ అందరం ఆ కారులోనే బయలుదేరాం. తెల్లవారకముందే ఎక్కినందువల్ల కావలి, నెల్లూరు చల్లని పూట దాటిపోయాయి. నాయుడుపేట దగ్గర ముల్లు కొంచెం లేచింది. శ్రీకాళహస్తిలో ఆగి నీళ్ళు పోసుకున్నాం. తిరుపతి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. కొండ ఎక్కడానికి 1974లో వేసిన రెండో ఘాటు రోడ్డు పట్టాం. రెండో గేరులో మూలుగుతూ నాలుగైదు మలుపులు తిరిగామో లేదో, బానెట్టు సందుల్లోంచి పొగలాగా ఆవిరి! లోపల ఠప్పుమని ఏదో పేలిన చప్పుడు. కారు ఆగిపోయింది.

ఆ తరువాత జరిగింది చెప్పడానికి ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంటుంది. తమ్ముడు కంగారులో తువ్వాలు చుట్టుకుని రేడియేటరు మూత తిప్పాడు. మరుగుతున్న నీరు బుస్సుమని మోచేతి దాకా చిమ్మింది. మా అక్కయ్య బావగారి జేబులోని కలం తీసి ఇంకు పోయబోయింది. నేను ఆపి, డిక్కీలో ఉన్న డబ్బా నీళ్ళు చేతిమీద ధారగా పోస్తూ కూచున్నాను. పది నిమిషాలు, పదిహేను నిమిషాలు, డబ్బా అయిపోయేదాకా. ఆ రోజు మొత్తం మీద నేను చేసిన తెలివైన పని అదొక్కటే. బొబ్బలు లేచినా చర్మం నిలిచింది. తక్కినవాళ్ళను కొండమీదికి పోయే బస్సు ఎక్కించాను. మొక్కు ఆగలేదు.

సాయంత్రానికి లారీకి తాడు కట్టి కారును కిందికి దింపించుకుని, తిరుపతిలో ఒక షెడ్డుకు చేర్చాం. అక్కడి మేస్త్రీ పెద్దాయన. అరవై దాటి ఉంటాయి. తల మీద టోపీ, ముక్కు మీద తాడు కట్టిన కళ్ళజోడు. హెడ్డు విప్పి చూసి నాలుక చప్పరించాడు. గాస్కెట్టు కాలిపోయింది. హెడ్డు వంగింది. లేతు షాపులో సాపు చేయించాలి. ఖర్చు విని తమ్ముడు కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నేలకేసి చూస్తూ ఉండిపోయాడు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

పెద్దాయన రేకు బిళ్ళ తీసి అరచేతిలో పెట్టుకుని, "ఇదెవరు పెట్టించారు బాబూ?" అన్నాడు.

నేను చెప్పాను. కారణం కూడా చెప్పాను, సంతలో బేరంతో సహా.

ఆయన నవ్వలేదు. "రేడియేటరులో నీళ్ళకు తీరిక దొరికిందన్నారు సరే. మరి ఇంజనులో కూడా అంతే తీరిక దొరికింది గదా సార్? అక్కడ కూచుని అంతసేపూ కాగాయి గదా?"

నా నోట మాట రాలేదు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు సైన్సు చెబుతున్న నాకు తట్టని సంగతి అది. నీళ్ళు ఒక చుట్టులో తిరుగుతున్నాయి. ఒకచోట పరుగెత్తి ఇంకొకచోట నడిచే వీలు వాటికి లేదు. జోరుగా పోయే నీరు రేడియేటరులో ఒక్కొక్కమారు తక్కువ సేపే ఉంటుంది, నిజమే; కాని అన్నిమార్లు మళ్ళీ మళ్ళీ వస్తుంది. మొత్తం మీద గంటలో ఎన్ని నిమిషాలు రేడియేటరులో గడుపుతుందీ అంటే, నెమ్మదిగా తిరిగినా జోరుగా తిరిగినా ఒక్కటే!

ఆ రాత్రి సత్రంలో నిద్ర పట్టక, లెక్క వేసుకున్నాను. పాఠకులు కూడా ఒక్క నిమిషం ఓపిక పడితే ఈ లెక్క అయిదో తరగతి పిల్లవాడికి కూడా వచ్చేదే. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలోకేలరీ కావాలి. కొండ ఎక్కే ఇంజను సెకనుకు 5 కిలోకేలరీల వేడి నీళ్ళకు ఇస్తున్నదనుకుందాం. సెకనుకు ఒక లీటరు చొప్పున నీరు తిరిగితే, ఇంజనులో దూరి బయటికి వచ్చేలోగా 5 డిగ్రీలు పెరుగుతుంది. ఆ నీటినే అడ్డుపెట్టి సెకనుకు పావు లీటరు చేస్తే 20 డిగ్రీలు పెరుగుతుంది.

ఇప్పుడు రేడియేటరు సంగతి. అది గాలికి ఎంత వేడి వదులుతుందనేది దాని సగటు వేడిమి మీద ఆధారపడుతుంది. సగటున 90 డిగ్రీలుంటే మన 5 కిలోకేలరీలూ గాలిలో కలుస్తాయనుకుందాం. జోరుగా తిరిగేటప్పుడు పైగొట్టంలో తొంభై రెండున్నర, కింది గొట్టంలో ఎనభై ఏడున్నర. నెమ్మదిగా తిరిగేటప్పుడు? పైన 100, కింద 80!

కింద 80. అందుకే కింది గొట్టం చేతికి చల్లగా తగిలింది. నేను "చూశావా" అని మురిసిపోయిన ఆ చల్లదనమే రోగలక్షణం. ఇంజను తల దగ్గర అదే సమయంలో నీరు మరుగుతున్నది. పైగా ఎత్తుకు పోయేకొద్దీ నీరు తక్కువ వేడికే మరుగుతుంది. దాదాపు 850 మీటర్ల ఎత్తున్న తిరుమలలో 97 డిగ్రీలకే. రేడియేటరు మూత ఒత్తిడి నిలిపి ఈ మరుగును కొంత వెనక్కు నెడుతుంది. ఏడు పౌన్ల మూత ఉంటే సుమారు 110 డిగ్రీల దాకా నీరు నీరుగానే ఉంటుంది. అదే మూతను కంగారులో తిప్పితే ఒత్తిడి పోయి, ఉన్న నీరంతా ఒక్కమారు ఆవిరి కాబోతుంది. తమ్ముడి చేతిమీద చిమ్మింది అదే.

ఇంత జరిగాక ఊరుకోబుద్ధి కాలేదు. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేశాను. వేడి వస్తువు చల్లబడటం గురించి న్యూటను 1701లో రాసిన వ్యాసంలో, కాల్చిన ఇనుప దిమ్మెను నిశ్చలమైన గాలిలో కాదు, ఒకే జోరుగా వీచే గాలిలో ఉంచానని ప్రత్యేకించి చెప్పాడు. గాలి కదలిక ముఖ్యమని ఆయనకు అప్పుడే తెలుసు. మన ఇళ్ళలో పాయసం పళ్ళెం ముందు విసనకర్ర పట్టుకునే అమ్మమ్మలకు అంతకుముందే తెలుసు.

అసలు మనిషి ఆస్‌బోర్న్ రెనాల్డ్స్, ఇంగ్లండులో మాంచెస్టరు కళాశాలలో ఇంజనీరింగు ఆచార్యుడు. ఆవిరి బాయిలర్లలో వేడి గొట్టం గోడనుంచి ప్రవాహానికి ఎలా చేరుతుందో 1874లో ఒక వ్యాసం రాశాడు. 1883లో ఆయన చేసిన ప్రయోగం చూడముచ్చటైనది. పెద్ద నీళ్ళ తొట్టిలో ఒక గాజుగొట్టం. దాని మూతి దగ్గర సన్నగా రంగునీరు వదులుతాడు. నీరు నెమ్మదిగా పోతే ఆ రంగు దారప్పోగులాగా, తిన్నగా, ఎక్కడా చెదరకుండా చివరిదాకా పోతుంది. జోరు పెంచుతూ పోతే ఒక దశలో ఆ పోగు వణికి, చిట్లి, సుళ్ళు తిరిగి గొట్టమంతా రంగు కమ్ముకుంటుంది.

ఇందులో మన కారు ఇంజనుకు సంబంధించినదేమిటంటే: నెమ్మదిగా పారే నీరు పొరలు పొరలుగా జారుతుంది. గోడనంటిన పొర వేడెక్కి అక్కడే గోడనంటుకుని ఉంటుంది. మధ్యలోని చల్లటి నీరు ఆ గోడ మొహం చూడకుండానే వెళ్ళిపోతుంది. జోరుగా పారి సుళ్ళు తిరిగే నీరు మాత్రం ఎప్పటికప్పుడు గోడను కడుగుతూ, వేడి నీటిని లాగి చల్లటి నీటిని తోస్తుంది. అటువంటి సుడిప్రవాహంలో జోరు రెట్టింపయితే, గోడకూ నీటికీ మధ్య వేడి చేరవేసే శక్తి దాదాపు ఒకటీ ముప్పాతిక రెట్లు అవుతుంది. అంటే నా రేకు బిళ్ళ రెండు విధాలా ద్రోహం చేసింది. నీటి పాలు తగ్గించింది, ఉన్న నీటిని సోమరిని చేసింది.

ఇదంతా మా ఆవిడకు ఉత్సాహంగా వివరించాను. ఆమె వంటింట్లోంచే, "పాలగిన్నె తొందరగా చల్లారాలంటే కుళాయి పూర్తిగా తిప్పి దానికింద పెడతాం. సన్నధార కింద పెట్టం. ఇది తెలియడానికి కొండ ఎక్కి చెయ్యి కాల్చుకోవాలా?" అంది. ఒక్క క్షణం ఆగి ఇంకో మాట కూడా అంది. "అయితే గిన్నెలో పాలు గరిటెతో కలపకపోతే కుళాయి ఎంత తిప్పినా నీళ్ళే వృథా."

ఈ రెండో మాట చాలా లోతైనది. జోరు ఎంత పెంచితే అంత మేలు అనుకోవడం కూడా పొరపాటే. రేడియేటరులో ఒక పక్క నీరు, ఒక పక్క గాలి. నీటికన్నా గాలి వేడిని అందుకోవడంలో ఎంతో మందం. నీటి జోరు చాలినంత అయ్యాక ఇంకా పెంచినా, గాలి అందుకోలేకపోతే ప్రయోజనం స్వల్పం. అందుకే రేడియేటరు గొట్టాలకు బయట పల్చటి రేకు రెక్కలు పొదుగుతారు. వాటివల్ల గాలికి తగిలే మేర పెరుగుతుంది. 1901 నాటి మెర్సిడెస్ కారుకు విల్‌హెల్మ్ మైబాక్ చేసిన తేనెపట్టు రేడియేటరులో 8,070 చిన్న చిన్న గొట్టాలున్నాయి. ఆ ఏర్పాటుతో ఇంజనుకు 9 లీటర్ల నీరు సరిపోయింది. ఇక పంపు విషయం చూస్తే, దాని వేగం రెట్టింపు చేయాలంటే దాదాపు ఎనిమిది రెట్ల శక్తి దానికి మేపాలి. అది మన పెట్రోలులోంచే పోతుంది.

పంపే లేని కార్లూ ఉండేవి. ఫోర్డు కంపెనీ 1908 నుంచి 1927 దాకా తయారుచేసిన మోడల్-టి కార్లలో తొలి సుమారు రెండున్నర వేల బండ్లకు తప్ప పంపు లేదు. వేడి నీరు తేలికై పైకి లేస్తుంది, చల్లటిది దిగుతుంది. ఆ తిరుగుడుతోనే పని నడిచేది. చిన్న ఇంజను గనుక చెల్లిపోయింది. కాని రేడియేటరులో నీటిమట్టం పైగొట్టం మూతికి కిందికి దిగితే ఆ తిరుగుడు ఆగిపోతుంది.

అయితే థర్మోస్టాటు పీకేస్తే వేడి పెరగడమేమిటి? నీటి జోరు మేలే అయితే అడ్డు తీయడం మంచిదే కావాలి గదా? పెద్దాయనను ఈ ప్రశ్నే అడిగాను. ఆయన ఇంజను మీద ఒక చిన్న పక్కగొట్టం చూపించాడు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు థర్మోస్టాటు మూసుకుని ఉంటుంది. నీరు రేడియేటరుకు పోకుండా ఈ దొడ్డిదారిన పంపుకు తిరిగి వస్తుంది. ఇంజను త్వరగా కాగాలి. చల్లగా నడిస్తే నూనె చిక్కగా ఉండి అరుగుదల ఎక్కువ, పెట్రోలు ఖర్చు ఎక్కువ. 80 డిగ్రీలు దాటాక అందులోని మైనం కరిగి ఉబ్బి తలుపు తెరుస్తుంది. కొన్ని ఇంజన్లలో అలా తెరుచుకునే తలుపే దొడ్డిదారిని మూస్తుంది. మా కారు ఆ రకం. థర్మోస్టాటు పీకేయడంతో దొడ్డిదారి ఎప్పటికీ తెరిచే ఉండిపోయింది. కాగిన నీటిలో కొంత భాగం రేడియేటరు గడప తొక్కకుండానే తిరిగి ఇంజనులోకి. ఆపైన మేము రాజమార్గానికి బెజ్జం బిళ్ళ అడ్డుపెట్టాం. ఇక నీరు ఏ దారిన పోతుంది?

పైగా ఆ అడ్డు పూర్తిగా పోతే ఇంజను లోపలి నీటికి పంపు కల్పించే ఒత్తిడి తగ్గుతుందనీ, అప్పుడు సిలిండర్ల తల దగ్గర అక్కడక్కడ నీరు ముందే మరిగి ఆవిరి బుడగలు కడుతుందనీ తరువాత చదివాను. పెట్రోలు మండేటప్పుడు లోపలి వాయువుల వేడి 2,000 డిగ్రీలు దాటుతుంది. ఆవిరి బుడగ అంటిన చోట ఇనుముకు చల్లదనం అందదు.

ఇంతకీ మొదట కారు ఎందుకు వేడెక్కింది? ఆ ప్రశ్న ఒంగోలులో మేమెవ్వరం వేయలేదు. పెద్దాయన రేడియేటరు దింపి, పై తొట్టి మాటు విప్పి చూపించాడు. గొట్టాల మూతులు తెల్లటి గారతో పూడుకుపోయి ఉన్నాయి. "ఏ ఊరి నీళ్ళు పోశారు సార్?" అన్నాడు. మా వీధి బోరు నీళ్ళు. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, బిందెలకు సున్నం పడుతుంది. ఇంట్లో ఆ నీళ్ళు తాగకుండా దూరంనుంచి మంచినీళ్ళు తెచ్చుకునే తమ్ముడు, అన్నం పెట్టే కారుకు మాత్రం రెండేళ్ళుగా అవే పోస్తున్నాడు. నీటి దారి సగం అప్పటికే మూసుకుపోయింది. మిగిలిన సగానికి నేను బిళ్ళ పెట్టించాను.

సన్నటి కమ్మీలు గొట్టాల్లో దూర్చి గార రాల్చి, తొట్టి మళ్ళీ మాటు వేశారు. హెడ్డు సాపు చేయించారు. కొత్త గాస్కెట్టు, కొత్త థర్మోస్టాటు. పెద్దాయన బట్టీపట్టించినట్టు మరికొన్ని సంగతులు చెప్పాడు. ముల్లు లేస్తున్నదని కనిపించగానే బండిని పక్కకు తీసి ఆపాలి. నీరు ఇంకా ఉన్నంతవరకు ఇంజను కొంచెం జోరుగా తిరుగుతూ ఉండనివ్వాలి, పంపూ ఫానూ పనిచేయాలి గనుక. నీరు పోయిందని తెలిస్తే వెంటనే కట్టేయాలి. చేతికి చల్లగా తగిలేదాకా మూత జోలికి పోకూడదు. కాగిన ఇంజనులో చన్నీళ్ళు పోస్తే హెడ్డు బీటలు వారుతుంది.

మొత్తానికి పదకొండు రోజులు కారు షెడ్డులోనే ఉంది. నా ప్రావిడెంటు ఫండులో అప్పు తీశాను. ఆ నెల బ్యాంకు వాయిదా కూడా నేనే కట్టాను. తమ్ముడు వద్దనలేదు. మా ఆవిడ కూడా వద్దనలేదు గాని, ఆ ఏడు దీపావళికి మా ఇంట్లో కొత్త బట్టలు లేవు.

కారు తయారయ్యాక పెద్దాయన, "ఖాళీ బండి కొండకు ఒకమారు తిప్పి చూసుకోండి" అన్నాడు. అన్నదమ్ములిద్దరమే బయలుదేరాం. మధ్యాహ్నం ఎండ అలాగే మండుతున్నది. వాడి చేతికి కట్టు ఇంకా ఉంది. ముల్లు మధ్యగీత దాకా లేచి అక్కడ నిలబడింది. మలుపులు ఎక్కుతున్నా కదలలేదు. నేను రోడ్డు చూడలేదు, ముల్లు కేసే చూస్తూ కూచున్నాను. కిందటిసారి ఆవిరి చిమ్మిన మలుపు వచ్చింది. తమ్ముడు అక్కడ బండి పక్కకు తీసి ఆపాడు. ఇంజను తిరుగుతూనే ఉంది. పదకొండు రోజుల తరువాత మొదటిసారి వాడి మొహంలో నవ్వులాంటిది కనిపించింది.

"దిగి కింది గొట్టం ముట్టుకు చూస్తావా, అన్నయ్యా?" అన్నాడు.

నేను దిగలేదు.